చదవకుండా రాసిన ముందుమాట

సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటి నరసాపురం వెళ్లే పంటు ఎక్కాను. పక్కన నిలబడ్డావిడ చేతిలో ఉన్న నవల చూడగానే ఛాతీ పొంగింది. సీత కథను ఈ కాలానికి మార్చి రాసిన ఆ నవలకు ముందుమాట నాదే. ఆగలేక ఆ సంగతి చెప్పేశాను.

"అలాగాండీ! దేవుడే పంపేడు మిమ్మల్ని," అన్నారావిడ. రిటైరైన తెలుగు టీచరట. ఆ సాయంత్రం నరసాపురం లైబ్రరీలో ఆ పుస్తకం గురించి మాట్లాడాలట. మెడలో సిలువ చూసి, రామాయణం ఆవిడకు కొత్తేమోనని వివరించబోయాను.

"ముప్పయ్యేళ్లు పిల్లలకి పాఠం చెప్పేనండి," అని నవ్వి, పుస్తకం తెరిచారు. "అశోకవనం ఘట్టంలో కన్నీళ్లు ఆగలేదని రాసేరు కదండీ, అదెక్కడుందండీ? రెండుసార్లు వెతికేను. ఇందులో రావణుడు సీతమ్మని స్టార్ హోటల్లో దింపేడు. ఆవిడ మూడొందల పేజీలూ ఉపన్యాసాలే ఇచ్చేరు."

మా సాహిత్యలోకంలో ముందుమాట రాయడానికి రచయిత ఫోన్ చేస్తే చాలు, పుస్తకం చదవనక్కర్లేదు. రామాయణం కదా, అశోకవనం ఉండకపోతుందా అనుకుని ఏడ్చినట్టు రాసేశాను.

"నేను చదవలేదండి," అన్నాను తల దించుకుని.

"హమ్మయ్య! మతిమరుపు మొదలైందని భయపడి డాక్టరుగారికి కూడా చూపించుకున్నానండి," అన్నారు. పుస్తకం మూసి, "మా లైబ్రరీ వాళ్లంతా మీ ముందుమాట చూసే కొన్నారండి. ఈ సంగతి సభలో చెప్పొచ్చాండీ?" అని అడిగారు.

"చెప్పండి," అన్నాను.

"మీరొచ్చి చెబితే బాగుంటుందండి."

పంటు ఒడ్డు తాకింది. ఆవిడ వెనకే దిగి లైబ్రరీ వైపు నడిచాను.