మాత్రల బుట్ట మీద ఎర్ర పెన్సిలు

పొద్దున్నే లేవగానే ఎర్ర పెన్సిలు చెక్కుకుంటాడు అన్నయ్య. ముఖం కడగడం ఆ తరవాతే. ముప్పై ఏళ్లు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దిన మనిషి; రోజుకో తప్పు దొరక్కపోతే తిన్నది అరగదు. ఉద్యోగం అయిపోయాక ప్రసంగాల మీద పడ్డాడు. ఎవరేం బోధించినా బైబిలు ముందుపెట్టి ఒకటే ప్రశ్న: “వాక్యంలో ఎక్కడుందీ?”

చర్చిలో ముసలి పాస్టరు తెలివైనవాడు. ప్రసంగం శనివారమే పట్టుకొచ్చి దిద్దించుకునేవాడు. దర్జీపని చేసే చెల్లెలికి మాత్రం ఈ అన్నతో తల కొట్టేసినట్టుండేది.

అందుకే ఊళ్లోకి కొత్త ప్రవక్త వచ్చి, సినిమా హాల్లో డ్రమ్ములతో కూటం పెడితే, చెప్పకుండా వెళ్లింది. చూస్తే ముందు వరసలో అన్నయ్య! చెవి మీద పెన్సిలు!

“ఈ ఉదయం దేవుడు నాతో కొత్త సంగతి చెప్పాడు!” అన్నాడు ప్రవక్త.

“ఎక్కడుందీ?”

“కొత్తది కదా తాతా, ఎక్కడా ఉండదు!”

“కొత్తదేం కాదు నాయనా. పద్దెనిమిది వందల ఏళ్ల కిందటే ఒకాయన ఇలాగే అంటే సంఘపెద్దలు తప్పని కొట్టేశారు. నువ్వు పాత తప్పునే మళ్లీ అచ్చేశావు!”

హాలు గొల్లుమంది. “కూర్చో అన్నయ్యా, పరువు తియ్యకు!” అంది చెల్లెలు.

“విశ్వాసం ఉన్నవాళ్లు మందులు ఈ బుట్టలో వెయ్యండి!” అన్నాడు ప్రవక్త. డ్రమ్ములు అదిరిపోయాయి. చెల్లెలు చేతిసంచీ తెరిచింది. ఏడేళ్లుగా మూర్ఛను ఆపుతున్న మాత్రలు, కవరుతో సహా బుట్టలో వేసేసింది.

“సువార్త రాసిన లూకాయే వైద్యుడయ్యా! ఆయన్ని పని మానెయ్యమని ఎక్కడుందీ?” అని అరుస్తుండగానే, నలుగురు కుర్రాళ్లు అన్నయ్యను కుర్చీతో సహా ఎత్తి, వెనక గుమ్మం బయట చెత్తతొట్టి పక్కన దించారు.

సాయంత్రానికి గానీ అన్నయ్య ఇల్లు చేరలేదు. చొక్కా నిండా దుమ్ము, చేతిలో ఒకే ఒక్క ఆస్పత్రి కవరు.

“ఇది నాదే! ఎక్కడిది?”

“బుట్ట తెచ్చి నా పక్కనే గుమ్మరించారమ్మా. కవర్ల మీద పేర్లున్నాయిగా! నలభై ఇళ్లు తిరిగాను. ముగ్గురు తిట్టారు, ఒకావిడ కాఫీ ఇచ్చింది.”

కవరు మీద ఎర్రగా రాసి ఉంది: ‘ప్రార్థన చెయ్యి. చేసి మింగు.’ ఆస్పత్రివాళ్లు ఆమె పేరులో చేసిన తప్పు కూడా దిద్ది ఉంది.

“మందు వేసుకుంటే విశ్వాసం లేనట్టు కాదూ?”

“అలా అని ఎక్కడుందీ?”

ఆ మాటకు ఆమె నవ్వడం అదే మొదటిసారి.

ఇప్పుడు అన్నయ్యకు డెబ్బై ఎనిమిది. రోజూ ఎనిమిదింటికి గ్లాసుతో నీళ్లు పట్టుకొని కుట్టుమిషను పక్కన నిలబడతాడు. “మింగేశాను” అని చెల్లెలంటే ఊరుకోడు, నోరు తెరిపించి, “ఎక్కడుందీ?” అని వెతుకుతాడు.