సుక్రయ్య గారి పాయింట్లు

ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. అరకులో ఉద్యోగం చేసే రోజుల్లో, ఎప్పుడో చనిపోయిన మనిషికి నేను "గుడ్ మార్నింగ్ సుక్రయ్య గారూ" అని చెప్పాను. ఒకసారి కాదు, చాలాసార్లు. ప్రతిసారీ ఆయన కార్డు నా ముందు పెట్టాడు, తిరిగి తీసుకున్నాడు, మెట్లెక్కి పైకి వెళ్లాడు. మర్నాడు పొద్దున ఇడ్లీ కూడా తిన్నాడు.

2007వ సంవత్సరం. మా హోటలు లోయలో, రైల్వే స్టేషనుకు కాస్త ఎగువన ఉండేది. రిసెప్షన్ పక్కనే చిన్న బల్ల నాది. దాన్ని ట్రావెల్ డెస్క్ అంటారు. అతిథులకు కార్లు కుదర్చడం, ఏ బండి ఎప్పుడు కొండెక్కింది, ఎప్పుడు దిగింది చూసుకోవడం నా పని. రద్దీ ఉంటే గదుల కౌంటరులో కూడా నేనే కూర్చునేదాన్ని. మాది శృంగవరపుకోట దగ్గర పల్లె. డిగ్రీ కాగానే ఇక్కడ చేరాను. కొత్తవాళ్ల ముఖంలోకి చూసి మాట్లాడాలంటే నాకు గుండెదడ. నా చూపు బల్ల దాటేది కాదు. అవతలి మనిషి చేతులు, కార్డు, పెన్ను, అంతవరకే. రాత్రి డైరీలో మాత్రం పేజీలు పేజీలు మాట్లాడేదాన్ని.

జనం లేని మధ్యాహ్నాల్లో సొరుగులో నవల పెట్టుకుని చదివేదాన్ని. నవల అయిపోతే అక్కడ ఏది దొరికితే అది. అలా చదివినదే మా లాయల్టీ కార్డు నిబంధనల పుస్తకం. లాయల్టీ కార్డు అంటే, మా యాజమాన్యానికున్న హోటళ్లలో ఎక్కడ బస చేసినా రాత్రికిన్నని పాయింట్లు చేరే కార్డు. ఆ పాయింట్లు ఇచ్చి డబ్బు కట్టకుండా గది తీసుకోవచ్చు, కారూ తీసుకోవచ్చు. దీన్ని రిడెంప్షన్ అంటారు. చాలామంది గదికే వాడేసేవారు. కారుకు వాడుకుంటే ఎక్కువ కలిసొస్తుందని నేను లోపల్లోపలే అనుకునేదాన్ని గానీ ఎవరికీ చెప్పేంత నోరు లేదు.

కార్ల విషయంలో కొన్ని మెలికలు ఉండేవి. డ్రైవరు బత్తా, ఘాట్ రోడ్డు టోలు పాయింట్లలోకి రావు. రద్దీ రోజుల్లో పాయింట్లు అసలు చెల్లవు. వాటిని బ్లాకౌట్ డేస్ అనేవాళ్లం. డిసెంబరు చివరి పది రోజులూ అంతే. కానీ ఆ పుస్తకం చివరి పేజీలో, చిన్న అక్షరాల్లో, 'రిటర్న్ ఎంప్టీ' అని ఒకటి ఉంది. విశాఖపట్నం నుంచి టూరిస్టుల్ని తెచ్చి దింపిన బండి ఎలాగూ ఖాళీగా ఘాట్ దిగాలి కదా, వాళ్లను తీసుకెళ్లడానికి వచ్చే బండి ఖాళీగానే ఎక్కాలి కదా. అలాంటి బండి ఎక్కితే మామూలుగా పోయే పాయింట్లలో మూడోవంతు చాలు. రద్దీ రోజుల్లోనూ చెల్లుతుంది. కాకపోతే ఆ బండి ఎప్పుడొస్తుందో, ఏ బండి వస్తుందో ఎవరూ చెప్పలేరు. అందుకే ఎవరూ అడిగేవారు కాదు.

క్రిస్మస్ ముందటి శుక్రవారం, సంత రోజు. మంచు ఇంకా పూర్తిగా విడలేదు. నా బల్ల ముందు రెండు జతల చేతులు ఆగాయి. ఒకటి ఆడమనిషిది, ముంజేతి మీద పచ్చబొట్టు. రెండోది ముసలాయనది. కార్డు బల్ల మీద పెట్టారు. పాంగి సుక్రయ్య అని ఉంది.

నాకు బాగా తెలిసిన పేరే. కాఫీ కొనే కంపెనీ ఒకటి మా హాల్లో రైతులకు శిక్షణ తరగతులు పెట్టేది. ఊరికొకరు వచ్చి మా డార్మిటరీలో పడుకునేవారు. ఖర్చు కంపెనీది, పాయింట్లు రైతువి. తరగతి పెట్టిన ప్రతిసారీ సుక్రయ్య పేరు కనిపించేది.

"ఆదివారానికి కారు కావాలమ్మా" అంది ఆవిడ. ఆమె సన్యాసమ్మ, సుక్రయ్య భార్య. "నా కూతురు, మా గుంట జమున, కాఫీ బస్తా మోత్తా జారిపోనాది. తొడ ఇరిగింది. నడుం కాడ్నించి పాదం దాకా కట్టేసినారు. సోమారం నాడు పట్నం పెద్దాసుపత్రికి తేవాలన్నారు."

"రైలు ఉంది కదమ్మా" అన్నాను బల్లకేసి చూస్తూ.

"ఓ పాలి రైల్లోనే అట్టుకెల్లినాం. కూకోడానికి అవ్వదు గదా! తలుపు కాడ నేల మీద పడుకోబెట్టినాం. జనం దాటుకుంటా పోనారు. కుట్లిడిపోయి నెత్తురు. ఈపాలి పడుకోబెట్టి తేకపోతే ఎముక వొంకరగా అతుక్కుంటాదని డాక్టరు తిట్టినాడు. వొంకరైతే జల్మంతా కుంటే."

పక్కనున్న ముసలాయన, వాళ్ల ఊరి పెద్ద దాసు, కార్డు నా వైపు ఇంకొంచెం జరిపాడు. "దీన్లో ఉండాలమ్మా శానా పాయింట్లు. సూడు."

చూశాను. నిజంగానే చాలా ఉన్నాయి. ఆఖరి బస పోయిన నెలే. ఆదివారం బ్లాకౌట్ అయినా ఏదో దారి చూడవచ్చనుకుని, ఉద్యోగంలో వెయ్యిసార్లు చెప్పిన మాటే చెప్పాను. "కార్డు ఎవరిదో వాళ్లే సంతకం చెయ్యాలమ్మా. సుక్రయ్య గారిని ఒకసారి రమ్మనండి."

సన్యాసమ్మ, చిన్నపిల్లకు చెప్పినట్టు నెమ్మదిగా అంది. "ఆయనెలాగొస్తాడమ్మా? సచ్చిపోయి రెండేళ్లు దాటింది."

కంప్యూటరు మీద పోయిన నెల తారీఖు మెరుస్తోంది. పాంగి సుక్రయ్య, డార్మిటరీ, కిటికీ పక్క మంచం. ఆ రాత్రి కౌంటరులో నేనే ఉన్నాను. దుప్పటి కావాలంటే తెప్పించింది నేనే. లేచి మేనేజరు గది తలుపు కొట్టాను. నా అంతట నేను ఆ తలుపు కొట్టడం అదే మొదటిసారి.

మేనేజరు గారు మంచివారే గానీ హెడ్డాఫీసు పేరెత్తితే చెమట పట్టేది. విషయం విని కుర్చీలోంచి సగం లేచారు. "చచ్చిపోయినవాడు మన దగ్గర ఇడ్లీ తిన్నాడా?"

"తిన్నాడు సార్. రెండోసారి చట్నీ కూడా అడిగాడు."

"నువ్వు చూశావా?"

"చూళ్లేదు సార్." అదే నిజం. నేను ఎవర్నీ చూడలేదు.

దాసును లోపలికి పిలిచారు. ఆయన ఏ మాత్రం కంగారు పడలేదు. కంగారు పడాల్సింది ఏముందో ఆయనకు అర్థం కాలేదు.

"మా ఊర్లో పని వొంతునబెట్టి సేసుకుంటాం బాబూ. ఇయ్యేల అందరం నా కాఫీ కొండకి, రేపు నీ కొండకి. సుక్రయ్య అందరి కొండలకీ వొచ్చినాడు. ఆయన కొండకి మేం ఎల్లాల్సిన టయానికి సచ్చిపోనాడు. పోతే? ఆయనకి రావాల్సిన వొంతులు ఆ ఇంటికి ఇవ్వొద్దా? కోత కోసి పెట్టినాం, కంచె కట్టినాం. మీ కాడ పడుకుంటే కార్డులో ఏదో సేరతాదన్నారు. సరే, ఇదీ వొంతే అనుకున్నాం. మనిసికో పాలి వొచ్చి, ఆయన పేరు సెప్పి పడుకున్నాం."

మేనేజరు గారు నా వైపు చూశారు. నేను నేలకేసి చూస్తున్నాను. అప్పటిదాకా నన్ను పట్టుకున్నది దయ్యం భయం. అది పోయి, దానికన్నా పెద్దదేదో వచ్చి కూర్చుంది. ఊరు ఊరంతా ఒక్కొక్కరే కొండ దిగి, పరాయి మంచం మీద, చచ్చిపోయిన మనిషి పేరుతో పడుకున్నారు. ఆ పేరు పలికిన ప్రతిసారీ ఆ ఇంటికి ఏదో కాస్త చేరుతుందని.

"అదంతా మీ ఊళ్లో చెల్లుతుందయ్యా" అన్నారు మేనేజరు గారు గొంతు తగ్గించి. "ఇక్కడ దీన్ని మోసం అంటారు. ఆ పాయింట్లు రద్దు చెయ్యాలి. చెయ్యకపోతే ఆడిట్లో నా ఉద్యోగం పోతుంది."

దాసు ముఖం ఎలా మారిందో నేను చూడలేదు. గొంతు మాత్రం విన్నాను. "అయితే మేం పడుకున్న రాత్రులన్నీ ఒట్టివేనా బాబూ?"

బయట సన్యాసమ్మ తలుపు పక్కనే నిలబడి ఉంది. ఆవిడ ఏడవలేదు. "ఆదోరం దాటితే మా గుంట కాలు మరి దక్కదు" అంది, అంతే.

అప్పుడు నేను మాట్లాడాను. ఎలా మాట్లాడానో ఇప్పటికీ తెలియదు. "సార్, ఆయన పోకముందు పోగైన పాయింట్లు రద్దు కావు. మూడేళ్లలోపు అడిగితే భార్య పేరున రాయవచ్చని పుస్తకంలో ఉంది. పోయాక చేరినవే తీసెయ్యాలి."

"ముందరివి ఎన్నున్నాయి?"

"మామూలు కారుకు చాలవు సార్. రిటర్న్ ఎంప్టీకి చాలుతాయి. రానూ పోనూ."

ఆయన హెడ్డాఫీసుకు ఫోను కలిపి, రిసీవరు నా చేతిలో పెట్టారు. "చదివినదానివి నువ్వు. నువ్వే చెప్పు." చెప్పాను. అవతలివాళ్లు మరణ ధ్రువీకరణ పత్రం కావాలన్నారు. వితంతు పింఛను కోసం తీసింది సన్యాసమ్మ దగ్గర ఉంది. సాయంత్రానికి కార్డు ఆవిడ పేరు మీదికి మారింది. దాని మీద మిగిలినవి సుక్రయ్య బతికుండగా పడుకున్న రాత్రులు మాత్రమే.

ఆదివారం తెల్లవారేసరికి జమునను నులక మంచం మీద మోసుకొచ్చారు. వాళ్ల ఊరికి బండి వెళ్లే దారి లేదు. మంచాన్ని పోర్టికోలో దించారు. పధ్నాలుగేళ్ల పిల్ల. కాలు కట్టెలా చాచి ఉంది. దుప్పట్లోంచి కళ్లు మాత్రం చురుగ్గా నన్నే చూస్తున్నాయి. మోసినవాళ్లు తలగుడ్డలు విప్పి చెమట తుడుచుకుంటుంటే దాసు నన్ను పిలిచాడు.

"ఇటు రా అమ్మా. ఈడు మొదటి సుక్రయ్య. ఆడు రెండో సుక్రయ్య. ఆ పొడుగోడు సట్నీ అడిగిన సుక్రయ్య."

అందరూ గొల్లున నవ్వారు. నేను తలెత్తాను. ఒకడికి పండిన మీసం, ఒకడికి మీసమే రాలేదు. ఒకడు నాకన్నా పొట్టి, ఒకడు తలుపంత ఎత్తు. ఒక్కరి పోలిక ఇంకొకరికి లేదు. ఇంతమందిని ఒకే మనిషి అనుకున్నాను! సిగ్గుతో చెవులు కాలిపోయాయి. కాఫీ కోత కాలంలో వాళ్ల చేతులు మాత్రం అచ్చంగా ఒకేలా ఉంటాయి. కాఫీ పండ్ల మరక అలాంటిది.

మొదటి బండి చిన్నది, పిల్ల పట్టదు. రెండో డ్రైవరు దారిలో ఎవరినో ఎక్కించుకుంటానని మాటిచ్చాడట, ఆగలేదు. మంచు గట్టిపడింది. ఘాట్‌లో లారీ ఆగిపోయి బండ్లు రావడం లేదని కబురొచ్చింది. సన్యాసమ్మ రోడ్డుకేసే చూస్తూ కూర్చుంది. మధ్యాహ్నం దాటాక ఏడు సీట్ల బండి ఒకటి వచ్చి టూరిస్టుల్ని దించింది. డ్రైవరు అప్పలరాజు. నేను పరిగెత్తాను.

"పాయింట్లా? ఏటి మేడమ్, పాయింట్లు నేను ఇంటికట్టుకెళ్తే మా ఆవిడ కూరొండుతాదేటి?"

"మీ బత్తా వాళ్లిస్తారు. ఆ పిల్లని పడుకోబెట్టి తీసుకెళ్లాలి" అని చూపించాను.

అప్పలరాజు మంచం దగ్గరికి వెళ్లాడు. కట్టును చూశాడు, పిల్లను చూశాడు. గబగబా వెనక సీట్లు మడతపెట్టేశాడు. "ఏటి సూత్తన్నారు? బేగి ఎక్కించండి! సీకటడితే మంచులో లైట్లు పనికిరావు. ఏటే గుంటా, మలుపుల్లో కక్కీగలవు, నా బండి కొత్తది!"

జమున మొదటిసారి నవ్వింది. పరుపు మా డార్మిటరీది, కిటికీ పక్క మంచం మీది. మేనేజరు గారే స్వయంగా తెచ్చి లోపల పరిచారు.

మంగళవారం టూరిస్టులను తీసుకెళ్లడానికి ఖాళీగా కొండెక్కిన బండిలో తల్లీకూతుళ్లు తిరిగొచ్చారు. ఎముక నిటారుగానే అతుక్కుంటోందన్నారు డాక్టర్లు.

ఆ తర్వాత ఎందరో అతిథులకు పాయింట్లతో కార్లు కుదిర్చాను. ముందు గడువు చూసుకోండి, ఖాళీగా తిరిగే బండి ఉందేమో అడగండి, భార్య పేరో భర్త పేరో కూడా రాయించండి అని అందరికీ చెప్పేదాన్ని. వర్షాకాలంలో నాకు విజయనగరంలో వేరే ఉద్యోగం వచ్చింది. అరకులో నా ఆఖరి శుక్రవారం, బల్ల ముందు ఎవరో ఆగారు. లెక్కలో మునిగి, పాత అలవాటు కొద్దీ తల దించుకునే "గుడ్ మార్నింగ్ అండీ" అన్నాను.

పచ్చబొట్టున్న చెయ్యి ఒకటి బల్ల మీదుగా వచ్చి, నా గడ్డం కింద రెండు వేళ్లు పెట్టి తల పైకెత్తింది. సన్యాసమ్మ. ఆవిడ పక్కన జమున, చేతికర్ర కూడా లేకుండా, రెండు కాళ్ల మీదా సమంగా నిలబడి ఉంది.

"మొకం సూసి పలకరించు గుంటా" అంది సన్యాసమ్మ. "సచ్చినోల్లెవరో, బతికున్నోల్లెవరో తెలుత్తాది."