సులోచన గారి ఫైలు

ఎన్నో ఏళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకే చెబుతున్నాను.

ఉమ్మడి రాష్ట్రం రోజులవి. మారేడ్‌పల్లిలో చిన్న కంప్యూటర్ ఆఫీసు, అక్కడ మిషన్లు చూసుకునేది నేను. సులోచన గారు లాలాగూడ నుంచి బస్సులో వచ్చి, ప్రార్థన చేసుకుని, కీబోర్డు ముందు కూర్చునేవారు. ఒక పాత బడివి, చెదలు తిన్న రిజిస్టర్లను భూతద్దంతో చదువుతూ ఎనిమిది నెలలు టైపు చేశారు. పుట్టినతేదీ కాగితం కావలసిన ముసలివాళ్లకు అవే ఆధారం. టైపయిన పుస్తకాలను బడివాళ్లు తగలబెట్టేశారు.

ఫైలుకు ఇంకో నకలు ఫ్లాపీల్లోకి ఎక్కించమని ఆవిడ రెండుసార్లు అడిగారు. రేపు చూద్దామన్నాను.

ఓ రోజు మధ్యాహ్నం ఒక ఊరి పేరు స్పెల్లింగు ఫైలంతటా మార్చాలి. డిస్కు నిండిపోయింది. ఏది చేయబోయినా జాగా లేదనే జవాబు. ఏవేవో తుడిచాను, మళ్లీ అదే జవాబు. చివరికి విసుగెత్తి, ఊరి పేరు మార్చి అదే ఫైలు మీద రాయమని ఒక్క వరుసలో ఆదేశమిచ్చాను. అలా చెబితే మిషను చదవకముందే ఆ ఫైలును ఖాళీ చేసేస్తుంది. ఆ సంగతి నాకు తెలియదా? తెలుసు. మరి విసుగులో మరిచిపోయానా, లేక ఏమైతే అదే అవుతుందిలే అనుకున్నానా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

ఫైలులో ఒక్క అక్షరం మిగల్లేదు.

సాయంత్రం మేనేజరు అరిచాడు. "ఏందీ, ఫైలు ఖాళీగున్నది? ఎవరు ముట్టిండ్రు?"

"పొద్దున సులోచన గారు తెరిచారు సార్," అన్నాను. అది నిజమే. అందుకే అంత సులువుగా నోట్లోంచి వచ్చింది.

ఆవిడ తెల్లబోయారు. "చూసి మూసేశానండీ... నా చెయ్యే ఎక్కడో తగిలుంటుంది సార్. నాకు ఈ మిషన్లు సరిగా రావు కదా."

నేను నా మిషను వైపు తిరిగిపోయాను. మర్నాటి నుంచి ఆవిడను రావద్దన్నారు.

కొన్నేళ్లకు బోయిగూడలో కనిపించారు. నవ్వుతూ పలకరించి, ఆ తర్వాత మళ్లీ కంప్యూటరు ముట్టలేదని, ఎవరి పనైనా పాడుచేస్తానేమోనని భయమని చెప్పారు. అప్పుడైనా చెప్పవచ్చు కదా? ఆరోగ్యం ఎలా ఉందని అడిగి వచ్చేశాను. ఏం మనిషిని నేను?

ఇప్పుడు ఆవిడ ఎక్కడున్నారో తెలియదు. క్షమించమని మిమ్మల్ని అడిగి ప్రయోజనం లేదు, అది మీరిచ్చేది కాదు. కానీ ఈ ఒక్క వాక్యం రాశాక ఇన్నాళ్లకు కాస్త ఊపిరి ఆడుతోంది: ఆ ఫైలును చెరిపింది నేను, ఆవిడ చెయ్యి ఎక్కడా తగల్లేదు.