లుంగీలో దిగిన మెలోడిక్

పుప్పాలగూడ అపార్టుమెంటులో సుబ్రహ్మణ్యం గారు ఈ వేసవంతా సోఫాలో కూర్చుని, కంచం ఒళ్లో పెట్టుకుని తిన్నారు. డైనింగ్ టేబుల్ నిండా భార్య పుణ్యవతి కీబోర్డు పరుచుకుంది. చివరికి పందెం కుదిరింది. కీబోర్డు నేర్పే జశ్వంత్ పెట్టే పరీక్షలో మూడు మైనర్ స్కేళ్లలో, అంటే స్వరాల వరసల్లో, ఏ ఒక్కటి తప్పినా కీబోర్డు అటకెక్కాలి.

"నెగ్గితేనో?" అందావిడ.

"నెగ్గినప్పుడు చూద్దాంలే."

"చూడ్డాలు లేవండీ. టేబుల్ మాట మళ్లీ ఎత్తకూడదు."

మొదటిది తేలికే. 'ఎ' అనే స్వరం నుంచి పై 'ఎ' దాకా అన్నీ తెల్ల మెట్లు. అది నేచురల్. ఏడో స్వరం ఒక్కటి నల్ల మెట్టు మీదికి జరిగితే హార్మోనిక్. తిప్పలన్నీ మెలోడిక్‌తోనే. ఎక్కేటప్పుడు ఆరూ ఏడూ నల్లవి, దిగేటప్పుడు రెండూ మళ్లీ తెల్లవి. ఆవిడేమో చిన్నప్పుడు కాకినాడలో గౌరీమనోహరి రాగం పాడిన మనిషి. అందులో ఎక్కిన స్వరాల మీదే దిగాలి. ఆ అలవాటుకి వేళ్లు దిగేటప్పుడూ నల్లవాటినే తడిమేవి.

"మళ్ల గట్లనే దిగిన్రు ఆంటీ! మీ రాగాన్ని జర పక్కకు పెట్టుర్రి," అని జశ్వంత్ తల పట్టుకునేవాడు.

ఆవిడ గుర్తులు ఇంట్లోనే వెతుక్కుంది. ఆయన లుంగీ బనియన్లో ఉంటే నేచురల్. గేటు దగ్గర పార్సిల్ తీసుకోవడానికి లుంగీ మీద చొక్కా తగిలిస్తే హార్మోనిక్. అసోసియేషన్ మీటింగుకి చొక్కా, ప్యాంటూ రెండూ వేసి టక్ చేస్తే మెలోడిక్ ఎక్కడం. ఇంటికి రాగానే రెండూ విప్పి లుంగీలోకి మారడం దిగడం. ఈ సంగతి ఆయనకి మాత్రం చెప్పలేదు.

పరీక్ష ఆదివారం, వీడియో కాల్లో. ఆవిడ ఓడిపోవడం కళ్లారా చూడాలని ఆయన మీటింగు మధ్యలోనే లేచి వచ్చేశారు. నేచురల్, హార్మోనిక్ గట్టెక్కాయి. మెలోడిక్ పైదాకా వెళ్లింది. దిగబోతూ వేలు నల్ల మెట్టు మీద వాలబోయే క్షణాన, ల్యాప్‌టాప్ తెరలో తన భుజం వెనక ఏదో కదిలింది. ఉక్క భరించలేక ఆయన బట్టలు మార్చుకున్నారు. లుంగీ బనియన్లో, పేపరుతో విసురుకుంటూ వస్తున్నారు.

పుణ్యవతి నవ్వు బిగబట్టి తెల్ల మెట్ల మీదుగా దిగింది.

"అబ్బ, సూపర్ ఆంటీ! ఇయ్యాల ఎట్ల యాదికుంది?"

"మా ఆయన చూపించారు నాయనా."

"నేనేం చూపించానే?" అంటూ ఆయన కెమెరా ముందుకి వంగారు.

"అన్నీ చూపించారు. ఆ చొక్కా తగిలించుకోండి ముందు. మీ కంచం సోఫాలోకి తెస్తాను."