మేకుకు చేరని బిళ్ల

నవ్వేటోళ్లు ఇప్పుడే నవ్వుండ్రి, మల్ల చాయ్ పొలమారితే నన్ననొద్దు. మొన్న శనివారం పరుగు పందెంల నేను ఇల్లందుల ఉరుకుడు మొదలుపెట్టి ఖమ్మంల తేలిన. అవ్, ఖమ్మమే! ఒక కాలికి బూటుంది, ఇంకో కాలికి లేదు. నా కోసం మనోళ్లంత అడవిల పడి గాలిస్తుంటే నేనేమో... ఆగుండ్రి, మొదటికెల్లి చెప్త.

నేను బొగ్గు బాయిల ఫిల్లర్ పని చేసి రిటైరయినోణ్ని. పార పట్టుకొని టబ్బులు నింపుడే బతుకంత. రిటైరయినంక ఏం చెయ్యాల్నో మాత్రం ఎవ్వరు నేర్పలే. పొద్దుగాల సైరన్ కొడితే లేచి కూసుంట. కూసోని ఏం చెయ్యాలె? మా ఇంటామె మార్తమ్మ ఇల్లు ఊడ్చుకుంట "జర కాళ్లు పైకి పెట్టయ్యా" అంటది. పెడ్త. ఇంట్ల నా డ్యూటీ గదొక్కటే.

అసుంటప్పుడు సత్తయ్య వచ్చిండు. నాతోని ఒక్క షిఫ్టుల చేసినోడు. వాని పొట్ట వానికంటె ముందుగాల ఇంట్లకొస్తది. "రారా, గ్రౌండ్ల ఉరుకుదాం" అన్నడు. మొదలు నవ్వొచ్చింది. నడిచినం, తర్వాత ఉరికినం, తర్వాత అది లేకపోతే పొద్దు పోకుండైంది. ఓ పదిమందిమి అయినం, అందరం బాయిల చేసినోళ్లమే. నిజం చెప్తున్న, పోయిన షిఫ్టు మల్ల దొరికినట్టయింది నాకు.

అయితే మొన్న వానకాలంల ఉరుకుకుంట బస్టాండ్ కాడ కండ్లు తిరిగి పడ్డ. ఏం కాలే, పొద్దటికెల్లి ఏం తినలే, గంతే. కాని మార్తమ్మ ఊకుంటదా? ఆ దినం నుంచి ఒక్కటే పోరు. ఆఖరికి ఒక మాట తెగ్గొట్టి చెప్పింది.

"మీ ఉరుకుడు క్లబ్బోళ్లు పెట్టే పందెముంది గద, దాన్ల నడుమ ఆగకుండ పూర్తిగ ఉరికి రా. వస్తే నిన్ను జన్మల ఆపను. రాకపోతివా, బూట్లు అటక మీద, నువ్వు గడప లోపట."

నేను ఒప్పుకున్న. ప్రైజు ఎవ్వనికి గావాలె? నాకు గా పొద్దటి ఉరుకుడు మిగిలితే చాలు.

ఇగ పందెం. మా గ్రౌండ్ల మొదలైతది, అడవి రోడ్డు పట్టుకొని తండా కాడి కల్వర్టు మోరీ దాకా పోయి, మల్ల గ్రౌండ్‌కే రావాలె. పెట్టించేది కొమరన్న. కొమరన్నంటే బాయి దీపాలిచ్చే ల్యాంపు రూముల పనిచేసి రిటైరయినోడు, మా అందరికంటె పెద్దోడు. బాయి దిగేటోళ్లకు ల్యాంపు రూముల మనిషికో ఇత్తడి బిళ్ల ఇస్తరు, నంబర్ కొట్టి ఉంటది. పైకొచ్చినంక ఆ బిళ్ల తెచ్చి ఆ నంబర్ మేకుకు తగిలియ్యాలె. షిఫ్టు దిగినంక ఒక్క మేకు ఖాళీగ కనిపించినా మనిషి ఇంక లోపట్నే ఉన్నట్టు లెక్క. ఇగ ఎవ్వరు ఇంటికి పోరు, మల్ల దిగి దేవులాడాల్సిందే.

కొమరన్న ఈ పందేనికి గూడ గదే పద్ధతి పెట్టిండు. ఛాతికి కాయితం నంబర్లు కుట్టుకునుడు లేదు. ఒక చెక్క పలకకు మేకులు కొట్టిండు, పందెం ముందటి దినం సాయంత్రమే మనిషికో పాత బిళ్ల చేతిల పెట్టిండు.

"తీస్కున్నోడు తెచ్చియ్యాలె. ఫస్టొచ్చినవా, లాస్టొచ్చినవా నాకు అక్కెర లేదు. బిళ్ల మేకుకు పడాలె" అన్నడు.

మేం నవ్వినం. "కొమరన్నా, ఇది బాయి కాదే, రోడ్డు!" అన్నడు సత్తయ్య. కొమరన్న నవ్వలే. నేను బిళ్ల జేబుల ఏస్కున్న.

ఆ రాత్రి తెల్లారేదాక నాకు నిద్ర లేదు. ఎట్ల పడ్తది? పందెంల ఆగితే ఎట్ల, పడితే ఎట్ల అని పొర్లుడే సరిపోయింది. దానికి తోడు అల్లుడు కొనిచ్చిన కొత్త బూట్లు ఏస్కున్న. తెల్లగ మెరుస్తున్నయ్, కాని జర బిర్రు. పాతయి ఏస్కొమ్మంది మార్తమ్మ. విన్ననా? పదిమందిల పాత బూట్లా!

సగం దూరం మంచిగనే ఉరికిన. మంచు కురుస్తుంది, అడవిల రేగుపండ్ల వాసన, ముంగట సత్తయ్య పొట్ట ఊపుకుంట పోతున్నడు. మోరీ దగ్గరికొచ్చింది. గప్పుడు ఎడమ కాలి వేళ్లు మంటెత్తుడు మొదలుపెట్టినయ్. ఒకడు దాటిండు. ఇంకొకడు దాటిండు. సత్తయ్య ఎప్పుడో కనపడకుండ పోయిండు. ఎన్కకు చూస్తే ఎవ్వరు లేరు. లాస్టు నేనే!

ఎట్లనో మోరీ కాడ వాపస్ మల్లి, దాని గట్టు మీద కూసోని ఎడమ బూటు ఇప్పిన. చిటికెన వేలు ఉబ్బి ఎర్రగైంది. ముంగట గుట్ట ఎక్కుడుంది. మార్తమ్మ అటక మీదికి నిచ్చెన ఏస్తున్నట్టే కనపడ్డది నాకు.

గప్పుడు తండా దిక్కు నుంచి పత్తి బస్తాలేస్కొని డీసీఎం వచ్చింది. డ్రైవర్ లచ్చు, ఎరికైనోడే. "ఏంది యాకోబన్నా, గిట్ల కూసున్నవ్? ఎక్కుతవా?" అని బండి ఆపిండు.

చూడుండ్రి, గీడ చెయ్యకూడని పని చేసిన. గుట్ట దాటేదాక ఎక్కుదాం, ఊరు రాకముందే రైలు గేటు కాడ దిగి, ఆడికెల్లి దర్జాగ ఉరుకుకుంట పోదాం అనుకున్న. ఎవ్వడు చూస్తడు? లచ్చుకు గూడ చెప్పిన, "గేటు కాడ ఆపితే దుంకుత, ఎవ్వరికి చెప్పకు" అని. సైడ్ అందుకొని బస్తాల మీదికి ఎక్కిన. హడావుడిల బూటు మోరీ మీదనే మరిచిపోయిన.

పత్తి బస్తాల మీద మీరెన్నడన్న పన్నరా? పనొద్దు! రాత్రంత నిద్ర లేనోడికి గది చానా మోసం. జర నడుం వాల్చిన, గంతే యాది ఉంది.

లచ్చు గేటు కాడ ఆపిండట. నేను దుంకిపోయిన అనుకొని పోనిచ్చిండు. బండి మా గ్రౌండ్ ముంగటికెల్లే పోయింది. నా కోసం అందరు రోడ్డు మీద నిలబడి మెడలు సాపి చూస్తున్నరంట, నేను వాళ్ల నెత్తుల మీదికెల్లి గురక పెట్టుకుంట పోయిన. మార్తమ్మ బండికి జరిగి తొవ్వ గూడ ఇచ్చిందట!

"ఏయ్, పత్తిల మనిషున్నడు!" అన్న కేక వినపడి లేచిన. చూస్తే ఖమ్మం మిల్లు. బస్తాలు దించేటోళ్లు నా చుట్టు నిలబడ్డరు. లచ్చు నెత్తి పట్టుకున్నడు. నాకు మొదలు నవ్వొచ్చింది. తర్వాత జేబుల చెయ్యి పెట్టిన. బిళ్ల తగిలింది.

నవ్వు పోయింది. బిళ్ల నా కాడుంది. అంటే ఆడ మేకు ఖాళీగ ఉంది. నేను బాయిల బతికినోణ్ని, ఖాళీ మేకు చూస్తే మనుషులు ఇంటికి పోరని నాకు తెల్సు. ఆడ ఉన్నోళ్లంత గూడ బాయోళ్లే.

లచ్చు సెల్ తీస్కొని నాకు యాది ఉన్న ఒక్క నంబరు కొట్టిన, మా ఇంటి పక్క కిరాణా షాపుది.

"హలో, యాకోబు గురించి చెప్పాలె..."

"అయ్యో, యాకోబా? పాపం, అడవిల తప్పిపోయిండట! వాని బూటొక్కటే దొరికిందట. ఇంతకు ఎవరు మాట్లాడేది?"

"నేనే, యాకోబును."

"సిగ్గు లేదార? మనిషి పోయి వాళ్లు ఏడుస్తుంటే మజాకులా?" ఫోన్ పెట్టేసిండు. మల్ల చేస్తే ఎత్తలే.

చూసిన్రా, నేను బతికున్న అంటే నమ్మేటోడు లేడు!

లచ్చు టికెట్ కొట్టించి ఇల్లందు బస్సు ఎక్కిచ్చిండు. అందరు నా కాలు దిక్కే చూస్తున్నరు. నేను బిళ్ల పిడికిట్ల పట్టుకొని కూసున్న. కండక్టరమ్మ వచ్చి చూసింది.

"గది బాయి బిళ్ల గద? మా నాయినకు గూడ ఉండె. మీ కాడెందుకుంది ఇది? మేకు మీద గద ఉండాలె" అన్నది. నేను సంగతి చెప్పిన. ఆమె నవ్వలే. ముంగటికి పోయి డ్రైవర్‌తోని "అన్నా, జర జల్దీ పోనియ్యి" అన్నది. నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయ్.

గ్రౌండ్‌కు పోయేసరికి ఎండ నడినెత్తి మీదికొచ్చింది. ఆడ మనుషులే లేరు. ప్రైజు కప్పులు బల్ల మీద అట్లనే ఉన్నయ్, పులిహోర గంజుల మీద మూత తియ్యలే. పలక ముంగట కుర్చీల కొమరన్న కూసున్నడు. పక్కకు నేల మీద మార్తమ్మ, ఒళ్లె నా తెల్ల బూటు పెట్టుకొని, కండ్లు మూసుకొని ప్రార్థన చేస్తుంది. నన్ను చూసి లేచింది. ఒక్క దెబ్బ ఏసింది వీపు మీద, బూటుతోనే. తర్వాత నా భుజం పట్టుకొని ఏడ్సింది.

"యాడికి పోయినవయ్యా?"

"ఖమ్మం."

"ఖమ్మమా? ఉరుకుకుంటనా?"

ఆమె అట్ల అడిగేసరికి నేను కిందికి చూసుకుంట బూటు లేని కాలు దులుపుకున్న. రోడ్డు మీద పోయేటోడు ఎవడో విని కేకేసిండు, "యాకోబు మలుపు తప్పి ఖమ్మం దాక ఉరికిండంటరో!" నాలుగు దిక్కుల నుంచి జనం వచ్చిన్రు. నా దిక్కు గిట్ల చూస్తున్నరు, గొప్పగ! బతుకుల నన్ను ఎవ్వరు గట్ల చూడలే. మార్తమ్మ గూడ కండ్లు తుడుచుకొని ఎగాదిగ చూసింది. అవ్ అంటే అయిపాయె. బూట్లు అటకెక్కవు, పేరుకు పేరు. నా నాలుక మీదికి వచ్చింది ఆ మాట.

గప్పుడు కొమరన్న లేచి నా కాడికొచ్చిండు. నా నెత్తి మీదికెల్లి ఏందో తీసిండు. తెల్లగ, మెత్తగ, పిడికెడు.

"ఖమ్మం తొవ్వల పత్తి వాన పడ్డదా యాకోబూ?"

ఇగ దాచుడేంది, అంత చెప్పేసిన. గుట్ట, డీసీఎం, నిద్ర, అంత. జనం పడిపడి నవ్విన్రు. కొమరన్న నవ్వలే. చెయ్యి చాపిండు.

"బిళ్ల ఇయ్యి."

ఇచ్చిన. చేతిల పెట్టుకొని నంబర్ చూసిండు.

"నా సర్వీసుల ఒక్కపారి ఒక మేకు ఖాళీగ ఉండిపోయింది రా. ఆ దినం నేను ల్యాంపు రూములకెల్లి కదల్లే. తెల్లారి ఆ బిళ్ల తీస్కపోయినాయన భార్య వచ్చి మేకు చూసింది, నన్ను చూసింది. నేను రిటైరయిన గని, ఆ షిఫ్టు నాకింకా దిగలే" అన్నడు. అని బిళ్ల మేకుకు తగిలిచ్చిండు. చిన్న టింగుమన్న సప్పుడు. కుర్చీల కూలబడి "ఇగ పులిహోర పెట్టుండ్రి" అన్నడు. పొద్దటికెల్లి మంచినీళ్లు గూడ ముట్టలేదట ఆయన.

కబురు పోయినంక అడవికెల్లి ఒక్కొక్కరు వచ్చిన్రు. అదే తొవ్వ ఎన్నిసార్లు తిరిగిన్రో. గొంతులు పోయినయ్, కాళ్లంత రేగుముళ్లు గీరినయ్. ఎలుగొడ్డు తిరిగే తావులల్ల గూడ దేవులాడిన్రట. ఆఖరికి సత్తయ్య వచ్చిండు, కుంటుకుంట. వాని మోకాలు సంగతి నాకు తెల్సు. నన్ను చూసిండు. పక్కకు కూసోని, నా ప్లేటుల పులిహోర తీస్కొని తిన్నడు. ఆడనే నాకు ఏడ్పొచ్చింది. రిటైరయినంక నా మస్టర్, గదే హాజరు, ఎవ్వడు చూస్తడు అనుకున్న. వీళ్లు చూస్తున్నరు. లాస్టొచ్చేటోని కోసం గింతమంది అన్నం తినకుండ నిలబడతరని నేను అనుకోలే. సిగ్గయింది, సంబురమైంది, రెండు ఒక్కపారే.

ఇంటికి పోయినంక నేనే బూట్లు తీసి మార్తమ్మ ముంగట పెట్టిన. పందెం పూర్తి చెయ్యలే, మాట మాటే గద. ఆమె బూట్లు చూసింది, నా ఉబ్బిన వేలు చూసింది.

"అటకెక్కియ్యనా మరి?" అని నిచ్చెన అందుకున్న.

"నిచ్చెన గాదు, సుత్తె తే" అన్నది.

వంటింటి తలుపు పక్కన మేకు కొట్టింది. తెల్లారి కొమరన్న ఇంటికి పోయి నా బిళ్ల అడుక్కొచ్చింది. "ఉరుకు, ఎంతన్న ఉరుకు. నేను ఒద్దనను. గడప దాటేటప్పుడు బిళ్ల తీస్కపో, వచ్చినంక నా కండ్ల ముంగట తగిలియ్యి. నిన్ను ఆపుడు నాతోని కాదు, లెక్క పెట్టుకునుడు మాత్రం నేర్చుకున్న" అన్నది.

మంచిగనే ఉంది అనుకున్న. ఉరుకుడుకొక్కదానికే అనుకున్న. కాదట! కూరగాయలకు పోయినా బిళ్లే, చర్చికి పోయినా బిళ్లే. నిన్న కటింగ్ షాపుల జర లేటయితే, మార్తమ్మ పంపిందని సత్తయ్య, కొమరన్న ఇద్దరు వచ్చి, నురుగు పూసిన మొఖంలనే నన్ను గుర్తుపట్టి, ఉన్నడులే అని పోయిన్రు.

అగో, మాటల్ల పడి చాయ్ చల్లగైపాయె. ఇగ నేను పోవాలె, ఉండుమనకుండ్రి. ఇగో చూడుండ్రి జేబుల, బిళ్ల నా కాడనే ఉంది. ఇంకొంచెం సేపు కూసుంటే మనోళ్లు మల్ల అడవికి బయల్దేరుతరు, ఈపారి పత్తి బస్తాలు గూడ ఇప్పి చూస్తరు!