పెళుసు ఎముకలు

షట్టర్లు వెల్డింగ్ చేసే అతన్ని వీధివాళ్లు సీమటపాకాయ అనేవాళ్లు. నోటికంటే ముందు చెయ్యి లేచేది. గిరాకీల మీదికి సుత్తి విసిరిన రోజులూ ఉన్నాయి. కూతురి ఒంటి మీద మాత్రం ఏనాడూ దెబ్బ వేయలేదు. ఆ సంగతి భార్యకు తప్ప ఎవరికీ తెలియదు.

పిల్లకు నడక వచ్చాక ఒకసారి మణికట్టు విరిగింది, ఇంకోసారి జబ్బ. ఆ మధ్యాహ్నం గడప తట్టుకుని పడితే తొడ ఎముక పుటుక్కుమంది. కేక విని ఇరుగుపొరుగు వచ్చేసరికి ఆ కాలు పట్టుకుని కూర్చున్నది అతనే.

"చంపేస్తున్నాడమ్మా పిల్లని!" అని ఎదురింటావిడ అరిచింది.

మార్కెట్లో బస్తాలు మోసే బావమరిది పరుగున వచ్చి, అతన్ని చొక్కా పట్టి వీధిలోకి ఈడ్చాడు.

"నేను కొట్టలేదురా!"

"ఎన్నిసార్లు బావా? ఎముకలు వాటంతటవే విరుగుతాయా?"

వెల్డింగ్ కొట్టుముందున్న ఇనుప కడ్డీ బావమరిది చేతిలో లేచింది. అడ్డుపెట్టిన ముంజేయి విరిగి వేలాడింది. కింద పడ్డవాణ్ణి మిగతావాళ్లు కాళ్లతో కుమ్మారు. నోట్లోంచి రక్తం కారింది. భార్య తమ్ముడి మీదికి దూకి చెవి కొరికింది.

"పిల్లని ఆసుపత్రికి మొయ్యండ్రా, పశువుల్లారా!"

అప్పుడుగానీ ఆగలేదు.

ఆసుపత్రిలో తండ్రీకూతుళ్లను పక్కపక్కన పడుకోబెట్టారు. ఎముకల డాక్టరమ్మ పిల్ల కళ్లు చూసింది. తెల్లగుడ్డులో నీలం ఛాయ. అతని వాచిన రెప్ప ఎత్తింది. అక్కడా అదే.

"చిన్నప్పుడు నీకూ విరిగేవా?"

"విరిగేవండీ. అల్లరి తగ్గలేదని మా అమ్మ ఇంకో నాలుగు తగిలించేది."

"అల్లరి కాదు. పుట్టుకతో ఎముకలే పెళుసు, కళ్లలో ఆ నీలమే గుర్తు. నీ నుంచి పాపకొచ్చింది. ఎవరూ కొట్టక్కర్లేదు, జారిపడితే చాలు."

గుమ్మంలో ఉన్న బావమరిది విన్నాడు. బావ కాళ్ల మీద పడబోతే అతను విరగని చేత్తో మందుల పళ్లెం విసిరాడు. బావమరిది నుదురు చిట్లింది. వాడు తుడుచుకోలేదు.

"నీ దెబ్బ మానుతుందిరా. పిల్లకి ఈ జబ్బిచ్చింది నేనేనట!" అంటూ అతను గోడకు తల బాదుకున్నాడు.

"నువ్వేం కావాలని ఇచ్చావా? నీకూ ఎవరో ఇచ్చిందే. మందులున్నాయి. ఆ తల కూడా పగలగొట్టుకోకు!" అని డాక్టరమ్మ కసిరింది.

చెయ్యి అతికింది కానీ పట్టు రాలేదు. అతను ఎడమచేత్తో వెల్డింగ్ నేర్చుకున్నాడు. పిల్లకు సూదిమందు వేయిస్తున్నారు, విరగడం తగ్గింది. బావాబావమరుదుల మధ్య మాటల్లేవు. అయినా పొద్దున్నే వచ్చి పిల్లను బడికి మోసుకెళ్లేది మామయ్యే. బస్తాలను బిగించి పట్టే ఆ చేతులు పిల్లను మాత్రం వదులుగా పట్టుకుంటాయి.

"గట్టిగా పట్టుకో మామయ్యా!"

"విరుగుతావే తల్లీ."

"భయపడితే నువ్వే పడేస్తావు," అని పిల్ల మెడ వాటేసుకుంది.