తాజాగా ఉంచిన సీసాలు

మా దాణా మిల్లు ఇస్నాపూర్ దాటాక, పాశమైలారం పోయే రోడ్డు పక్కన, ఒక మందుల ఫ్యాక్టరీకి ఆనుకొని ఉంటుంది. గాలి ఒకవైపు వీస్తే మా బెల్లం మడ్డి వాసన వాళ్లకు పోతుంది, ఇంకోవైపు వీస్తే వాళ్లది మాకు వస్తుంది. ఈ ఇచ్చిపుచ్చుకోవడంలో నష్టపోయింది ఎవరో చెప్పనక్కర్లేదు.

ఫలానా గడువు దాటాక ప్రభుత్వ ముద్ర లేనిదే దాణా అమ్మకూడదన్న కొత్త నిబంధన నాకు ఫోనులో వచ్చింది. పంపిన తోటి వ్యాపారి కింద దండం పెట్టే బొమ్మ ఒకటి చేర్చాడు. అది నాకు పెట్టిన దండమో, వ్యాపారానికి పెట్టిన దండమో అర్థం కాలేదు.

ముద్ర రావాలంటే చేయాల్సిన వాటిలో ముఖ్యమైనవి మూడు. దాణాలో ఏమేం ఉన్నాయో సంచి మీద అచ్చు వేయాలి. తేమను మిషన్‌తో కొలవాలి. కలిపిన ప్రతి విడత నుంచి ఒక సీసాడు దాణా తీసి, తేదీ రాసి, ఆ సంచుల మీద వేసిన వాడకం తేదీ దాటేదాకా దాచాలి. రేపు ఎవరి పశువుకైనా జబ్బు చేస్తే ఆ సీసా తెరిచి, తప్పు దాణాదా కాదా తేల్చవచ్చు. మొదటి రెండూ కష్టమనీ, మూడోది ఎవరైనా చేస్తారనీ అనుకున్నాను. నేను కెమిస్ట్రీలో డిగ్రీ చదివాను. ఈ చుట్టుపక్కల అదేం గొప్ప కాదు, టీకొట్టు దగ్గర పక్కన నిలబడ్డ మనిషికీ ఉంటుంది.

మా నాన్న కాలం నుంచి మిల్లులో దాణా కలిపేది చాచా. ఊళ్లో అందరికీ ఆయన చాచానే. తేమ ఎంతుందో చూడ్డానికి గుప్పెడు దాణా పిడికిట్లో నొక్కి వదిలేవాడు. ముద్ద దానంతట అది విడిపోతే సరి, అట్లాగే నిలిస్తే తడి ఎక్కువ. నేను మిషన్ తెచ్చి ఆయన పిడికిలి పక్కన పెట్టాను. వారం రోజులు రెండూ ఒకటే చెప్పాయి.

“పర్వాలే సేఠ్, జల్దీనే నేర్చుకున్నది,” అన్నాడు చాచా మిషన్‌ను చూసి.

సీసాల అల్మారా తాళం కూడా ఆయనకే ఇచ్చాను. మూతల మీద తేదీ నేను రాసేవాణ్ణి. నింపి లోపల పెట్టేది ఆయన.

కొన్నాళ్లకు, మా దాణానే వాడే ఒకామె వచ్చింది. ఆమెకు రెండు గేదెలు, పాలు పటాన్‌చెరులో పోస్తుంది.

“మీ దాణ తిన్నకాంచి పెద్ద బర్రె మేత ముడ్తలేదు. పాలు సగానికొచ్చినయి. ఏం గలిపిన్రో జెర చూడు.”

చూడటానికి కావలసింది అల్మారాలోనే ఉంది. ఆమె సంచి మీది తేదీ అడిగి, అదే తేదీ సీసా తెచ్చి, ఆమె ముందే మూత తీశాను. కమ్మని బెల్లం వాసన. ఆమె అరచేతిలో కొంచెం పోసి చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చాను. చదువుకున్నవాడి చేతికి సీసా ఇస్తే జరిగేది అదే.

“సీసల గింత మంచిగుంటే ఇగ నీదేం తప్పున్నది,” అన్నదామె. “మా గడ్డిలనే ఏమన్న ఉండొచ్చు.”

ఇంట్లో ఉన్న గడ్డి అంతా తీసి పారేసిందని తర్వాత తెలిసింది. గేదె మెల్లగా కోలుకుంది. నేను ఆ సంగతి మర్చిపోయాను.

ముద్ర కోసం జరిగే తనిఖీకి ముందు రోజు మధ్యాహ్నం, సీసాలను వరసగా పేర్చుదామని అల్మారా తెరిచాను. మూతలు తీస్తే అన్నింట్లోంచీ ఒకటే వాసన. నాలుగు నెలల కిందటి తేదీ ఉన్న సీసా, పొద్దున కలిపిన దాణాలా ఉంది. ఇందులో ఏదో తేడా ఉందని గ్రహించడానికి, డిగ్రీ ఉండి కూడా, నాకు పావుగంట పట్టింది.

“చాచా, ఈ సీసలల్ల ఏమున్నది?”

“దాణా.”

“ఎప్పటిది?”

“మొన్న శుక్రారంది. ప్రతి శుక్రారం నమాజుకు పోయేముందు మారుస్త. నువ్వు ఫికర్ చెయ్యకు.”

“ఎందుకు మారుస్తవ్?”

ఆయన నన్ను జాలిగా చూశాడు. “గవర్మెంటోళ్లు వచ్చి చూస్తరంటివి గద. ఇంటికొచ్చిన మెహమాన్ ముంగట పాసిపోయింది పెడ్తమా?”

“మరి పాతది?”

“పారేస్తనా ఏంది. మా మేకలకు పెడ్త. ఎట్ల బలిసినయో వచ్చి చూడు.”

మా మిల్లు సాక్ష్యాధారాలన్నీ ఆ మేకలు తినేశాయి. వాటి నుంచి ఫిర్యాదులేమీ లేవు.

ఒక గంటసేపు నాకు ఇదంతా బాగానే తోచింది. సీసాలు నిండుగా ఉన్నాయి. తేదీలు నా దస్తూరీలో ఉన్నాయి. ఇంత తాజా పాత దాణా ఈ పారిశ్రామికవాడలో ఇంకెవరి దగ్గరా ఉండదు. నోరు మూసుకుంటే ముద్ర వస్తుంది. చెబితే రాకపోవచ్చు, గడువు దాటాక మిల్లు మూయాల్సి రావచ్చు. అప్పుడు ఆమె పారేసిన గడ్డి గుర్తొచ్చింది. ఆ రోజు ఆమె అరచేతిలో నేను పోసింది ఆమె గేదె తిన్న దాణా కాదు. తప్పు మాదో కాదో నాకు తెలియదు, ఇక తెలిసే వీలూ లేదు.

మర్నాడు తనిఖీకి వచ్చిన మేడమ్ సీసా ముట్టకముందే విషయం చెప్పేశాను. “మేము మార్చాం” అన్నాను. టీ తెస్తున్న చాచాకు ఆ మాట నచ్చలేదు.

“మేము గాదు మేడమ్, నేను. సేఠ్‌కు నిన్నటిదాక ఎరుకనే లేదు,” అన్నాడు. మెహమాన్ మర్యాదతో సహా కారణమూ వివరించాడు.

ఆమె కలం ఆపి కాసేపు సీసాల వైపు చూసింది. “ఇది ఫారంల ఏ గడిల రాయాల్నో నాకు తెలుస్తలేదు,” అన్నది. చివరికి నమూనాలు లేవన్న గడిలో టిక్కు పెట్టింది. గడువుకు ఇంకా మూడు నెలలుంది. అది ముగిసేలోపు మళ్లీ వస్తాననీ, అప్పటికి సీసాలు నిజంగా పాతబడి ఉండాలనీ చెప్పి వెళ్లింది.

సాయంత్రం ఆ గేదెల ఆమె ఇంటికి వెళ్లాను. ఆమె పాలు పితుకుతోంది. నేను చెబుతున్నంతసేపూ పితకడం ఆపలేదు.

“అంటే ఆ దినం నాకు వేరే దాణ చూపిచ్చినవ్.”

“అవునక్కా.”

“మా గడ్డి మంచిదే కావచ్చు.”

“కావచ్చు.”

చెంబు పక్కకు పెట్టి లేచింది. “ఇగ నుంచి సీసలు రెండు నింపు. ఒకటి నాకియ్యి. మా ఇంట్ల మేకల్లేవు.”

అప్పటి నుంచి ప్రతి విడతకూ రెండు సీసాలు. ఆమెది పచ్చళ్ల అరలో ఉంటుంది. ఏ నిబంధనలోనూ ఆ అర లేదు.

మేడమ్ రెండోసారి వచ్చినప్పుడు తాళం చాచా దగ్గరే ఉంది. అన్నాళ్లూ ఆయన ఒక్క మూత తీయలేదు, శుక్రవారాలు మాత్రం అల్మారా ముందు కాసేపు నిలబడేవాడు. ఆమె అన్నిటికంటే పాత సీసా తెరిచి, వాసన చూసి, ముక్కు కొంచెం ముడిచింది. గేదెల ఆమె ఇంటి నుంచి తెచ్చిన జత సీసా తెరిచి మళ్లీ ముడిచింది. సరైన గడిలో టిక్కు పెట్టింది.

చాచా తలెత్తలేదు. టీతోపాటు బిస్కెట్లు, సమోసాలు తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

“ఏమనుకోకున్రి మేడమ్,” అన్నాడు. “తాజాది కూడ ఉన్నది.”